ఆకాశానికి ఫిట్, కానిస్టేబుల్‌కి అన్‌ఫిట్



పోయిన భాగంలో చెప్పిన హాస్టల్ మెస్ బిల్లుల సంగతి ఈ వారం రాయడం లేదు. ఎందుకో చెప్తాను.

మంగళవారం మధ్యాహ్నం క్లాసులో ఉండగా తమ్ముడి ఫోన్ మూడుసార్లు మోగింది. బయటికొచ్చి తీస్తే ఒక్క మాట అన్నాడు: "అక్కా, అన్‌ఫిట్ అన్నారు." కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగం. రాత పరీక్ష పాసయ్యాడు. 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి, వాడు 22లోపే ముగించాడు. ఎత్తు సరిపోయింది, ఛాతీ సరిపోయింది. మెడికల్‌లో బీపీ 152/98 వచ్చిందట. కాగితం మీద ఆ అంకె వేసి, కింద ఒక గీత గీసి పంపేశారు. ముందు రోజు రాత్రి రైలు ఎక్కి, తెల్లవారుజామున 4 గంటల నుంచి గేటు బయట నిలబడి, ఏమీ తినకుండా, మూత్రానికి వెళ్తే లైన్ పోతుందని ఆపుకుని, పదకొండు గంటలకి బీపీ మిషన్ ముందు కూర్చున్న 23 ఏళ్ల కుర్రాడి బీపీ అది. ఒక్కసారే చూశారు.

ఈ ఫోన్ వచ్చే సమయానికి నేను రెండు నెలలుగా ఒక విచిత్రమైన విషయం చదువుతున్నాను. అంతరిక్షంలోకి టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లకి డాక్టర్లు ఏమేం పరీక్షలు చేస్తారు అని. తెలుగు లెక్చరర్‌కి ఇదేం పిచ్చి అంటారా? తప్పంతా మా సెకండియర్ అమ్మాయిది. జాషువా 'గబ్బిలం' చెప్తున్నాను. 1941 నాటి కావ్యం. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. ఆ అమ్మాయి లేచి, "మేడం, ఇప్పుడు డబ్బులుంటే ఎవరైనా ఆకాశంలోకి పోవచ్చంట కదా, మరి మన ఒళ్లు పనికొస్తదా?" అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చదివి చెప్తానన్నాను. చదివింది ఇదిగో, తమ్ముడి కాగితం పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

ముందు బ్లూ ఆరిజిన్ అనే అమెరికా కంపెనీ సంగతి. 2021లో తమ న్యూ షెపర్డ్ రాకెట్‌లో మొదటి టికెట్‌ని వేలం వేసింది. 2 కోట్ల 80 లక్షల డాలర్లకి పోయింది. పాడుకునేవాళ్లకి కొన్ని షరతులు పెట్టింది. వయసు 18 నిండాలి. ఎత్తు 5 అడుగుల నుంచి 6 అడుగుల 4 అంగుళాల మధ్య ఉండాలి. బరువు సుమారు 50 కిలోల నుంచి 101 కిలోల మధ్య ఉండాలి. రాకెట్ పక్కనున్న టవర్ ఏడు అంతస్తుల మెట్లు 90 సెకన్లలో ఎక్కగలగాలి. సీటు బెల్టు తనే పెట్టుకుని తనే తీసుకోగలగాలి. పైకి పోయేటప్పుడు రెండు నిమిషాలపాటు తన బరువుకి మూడింతలు, దిగేటప్పుడు కొన్ని సెకన్లపాటు అయిదున్నర ఇంతలు ఒంటి మీద పడితే ఓర్చుకోగలగాలి.

ఆ జాబితా చదువుతూ నేను మొదట ఆగింది 50 కిలోల దగ్గర. మా అమ్మ 43 కిలోలు. ఎత్తు నాలుగు పదకొండు. మిరపకాయ కోతలకి పోయి సాయంత్రం బస్తా నెత్తిన పెట్టుకుని ట్రాక్టర్ దాకా నడిచే మనిషి. తన బరువంత బరువు మోసిన మెడ అది. ఏడంతస్తులు ఎక్కమంటే ఎక్కుతుంది. కుర్చీ మాత్రం ఆమె కొలతకి చేసింది కాదు. కంపెనీని ఇందుకు తిట్టను. కుర్చీని, బెల్టుని ఫలానా ఒంటి మీద పరీక్షించి ఉంటారు, ఆ ఒళ్లు అమ్మది కాదు. అంతే.

నన్ను అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది జాబితాలో లేనిది. షుగర్ ఉండకూడదని లేదు. బీపీ ఇంత ఉండాలని లేదు. అమెరికా ప్రభుత్వం కూడా ప్రయాణికుడికి ఏ వైద్య ప్రమాణమూ పెట్టలేదు. వాళ్ల విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం రాకెట్ భద్రత చేతిలో ఉన్న సిబ్బందికి పైలట్లకిచ్చే రెండో తరగతి వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. డబ్బు కట్టి ఎక్కేవాడికి అక్కర్లేదు. 2006లో ఆ సంస్థ వైద్య విభాగం ఒక మార్గదర్శకం తయారు చేసింది. ఏయే జబ్బులుంటే జాగ్రత్తగా చూడాలి, అంచు దాకా పోయి వచ్చేవాళ్లకి ఏ పరీక్షలు, భూమి చుట్టూ తిరిగేవాళ్లకి ఏవి అని. అది సలహా మాత్రమే. 2004లో చేసిన చట్టం ప్రయాణికుల భద్రత మీద నిబంధనలు పెట్టకుండా ఆ సంస్థ చేతులు కట్టేసింది. పరిశ్రమ ఇంకా పసిబిడ్డ, నేర్చుకోనివ్వండి అని. ఆ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ ఇప్పుడు 2028 జనవరి 1 దాకా తెచ్చారు. బిడ్డకి ఇరవై దాటాయి.

మరి ప్రయాణికుడికి చట్టం ఏం చేస్తుంది? సంతకం అడుగుతుంది. కంపెనీ డబ్బు పుచ్చుకోకముందే ప్రమాదాలన్నీ రాతపూర్వకంగా చెప్పాలి. ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదు అని కూడా రాసి ఇవ్వాలి. ఇంతకు ముందు ఎన్ని ప్రమాదాలు జరిగాయో చెప్పాలి. ప్రయాణికుడు నోటితో ప్రశ్నలు అడిగే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత సంతకం. ఈ సంతకం మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

డాక్టర్ల భయాలు ఉత్తవి కావు. బరువు మూడింతలు, ఆరింతలు అయినప్పుడు గుండె మెదడుకి రక్తం తోయడానికి ఆపసోపాలు పడుతుంది. ఊపిరితిత్తిలో బలహీనమైన గాలి తిత్తులుంటే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గితే చిట్లుతాయి. భారం పోగానే కడుపులో తిప్పుతుంది. అన్నిటికంటే, మధ్యలో దిగిపోతానంటే కుదరదు. అయినా టెక్సస్ వైద్య విశ్వవిద్యాలయం డాక్టర్లు ఒక పని చేశారు. బీపీ, గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బు, నడుం నొప్పి ఉండి మందులతో అదుపులో ఉన్న మామూలు మనుషుల్ని పిలిచి, రాకెట్ ప్రయాణంలో వచ్చే బరువులు అనుభవంలోకి వచ్చేలా సెంట్రిఫ్యూజ్ అనే పెద్ద తిరుగుడు యంత్రంలో కూర్చోబెట్టారు. 2014లో ఫలితాలు వేశారు. చాలామంది తట్టుకున్నారు. జబ్బు అదుపులో ఉంటే బీపీ ఉన్నవాళ్లూ తట్టుకున్నారు. జబ్బుల కంటే కంగారే కొందరిని ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

ఆ తర్వాత ఎవరెవరు వెళ్లొచ్చారో చూడండి. ఎముక క్యాన్సర్ నుంచి బయటపడి, ఎడమ కాలిలో లోహపు కడ్డీ ఉన్న హేలీ ఆర్సెనో 2021లో మూడు రోజులు భూమి చుట్టూ తిరిగి వచ్చింది. 90 ఏళ్ల నటుడు విలియం షాట్నర్ అదే ఏడాది వెళ్లాడు. జాన్ గుడ్‌విన్ అనే బ్రిటిషాయన 2005లో టికెట్ కొన్నాడు, 2014లో పార్కిన్సన్స్ జబ్బు ఉందని తేలింది, 2023లో 80 ఏళ్ల వయసులో వెళ్లాడు. వణికే చేతులతో ఆకాశం అంచు చూసి వచ్చిన మనిషి. నాకు ఆయనంటే ఈర్ష్య లేదు, సంతోషమే. ఆయన కోసం డాక్టర్లు వేసుకున్న ప్రశ్న "ఈయన్ని ఎందుకు ఆపాలి" అని కాదు, "ఈయన్ని ఎలా క్షేమంగా పంపాలి" అని.

డబ్బున్నవాళ్లని కూడా ఆపిన సందర్భాలున్నాయి, అవీ చెప్పాలి. గ్రెగరీ ఆల్సెన్ అనే వ్యాపారి 2004లో రష్యాలో శిక్షణ మొదలుపెట్టాక ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడి పక్కన పెట్టారు. డాక్టర్ల చుట్టూ తిరిగాడు, పరీక్షల మీద పరీక్షలు చేయించుకున్నాడు, 2005 అక్టోబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్లాడు. జపాన్ వ్యాపారి డైసుకే ఎనొమొటోని 2006లో ప్రయాణానికి నెల ముందు వైద్య కారణాలతో ఆపేశారు. ఆయన స్థానంలో అనూషే అన్సారీ వెళ్లింది. ఎనొమొటో కట్టిన 2 కోట్ల 10 లక్షల డాలర్ల కోసం కోర్టుకెక్కాడు.

ఊపిరితిత్తి మీద మచ్చ అనగానే గోదావరి జిల్లాల వాళ్లకి, కడప వాళ్లకి, కరీంనగర్ వాళ్లకి ఇంకొకటి గుర్తొస్తుంది. గల్ఫ్ మెడికల్. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి మందులు వాడి నయమైపోయినా, ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే వీసా గోవిందా. ఏజెంటుకి కట్టిన అప్పు మాత్రం ఉంటుంది. ఆ మచ్చ ఎందుకొచ్చింది? ఒకే గదిలో ఏడుగురు పడుకుంటే వచ్చింది. తిండి చాలక వచ్చింది. ఆల్సెన్ మచ్చ డాక్టర్లకి ఒక సమస్య, విప్పుకుంటూ పోయారు. మన మచ్చ ఒక జవాబు, అక్కడితో ఫైలు మూస్తారు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. టికెట్లు లేని కాలానికి. 1959లో నాసా మొదటి ఏడుగురు వ్యోమగాముల్ని ఎంచుకున్నప్పుడు సైన్యంలో జెట్ విమానాల టెస్ట్ పైలట్లనే తీసుకుంది. వాళ్ల ఒంటిని పరీక్షించిన డాక్టర్లలో ముఖ్యుడు రాండాల్ఫ్ లవ్‌లేస్. ఆయనే తర్వాత సొంతంగా మహిళా పైలట్లకి అవే పరీక్షలు పెట్టాడు. 13 మంది పాసయ్యారు. వాలీ ఫంక్ అనే 22 ఏళ్ల అమ్మాయి చీకటి నీళ్ల తొట్టిలో ఏ చప్పుడూ లేకుండా పది గంటలకు పైగా తేలుతూ ఉంది. ఒళ్లు పనికొస్తుందని తేలాక ఏమైంది? టెస్ట్ పైలట్ అయి ఉండాలన్న నిబంధన అలాగే ఉంది. ఆడవాళ్లని టెస్ట్ పైలట్లుగా తీసుకునేవాళ్లు కాదు. 1962లో అమెరికా కాంగ్రెస్ ముందు విచారణ జరిగింది, నిబంధన మారలేదు. వాలీ ఫంక్ 2021 జూలై 20న, 82 ఏళ్ల వయసులో, న్యూ షెపర్డ్‌లో వెళ్లింది. అరవై ఏళ్ల కిందట ఫిట్. మధ్యలో అరవై ఏళ్లు ఎదురుచూపు.

ఎడ్ డ్వైట్ ది ఇంకా మనకి దగ్గరి కథ. అమెరికా వైమానిక దళంలో నల్లజాతి కెప్టెన్. 1961లో కెన్నెడీ ప్రభుత్వం వ్యోమగామి శిక్షణకి ముందుకు తెచ్చింది. పత్రికల కవర్ పేజీల మీద ఆయన ఫొటో. శిక్షణ పూర్తి చేశాడు. 1963లో నాసా ప్రకటించిన జాబితాలో ఆయన పేరు లేదు. శిక్షణలో ఎదురైన వివక్ష గురించి ఆయన తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. 1966లో వైమానిక దళం వదిలేసి శిల్పి అయ్యాడు, నల్లజాతి చరిత్ర మనుషుల్ని కంచులో పోతపోశాడు. అమెరికా నల్లజాతి నుంచి మొదటి మనిషి గయాన్ బ్లూఫర్డ్ అంతరిక్షంలోకి వెళ్లడానికి 1983 దాకా పట్టింది. డ్వైట్ 2024 మే 19న వెళ్లాడు. 90 ఏళ్లకి. టికెట్ డబ్బులు స్వచ్ఛంద సంస్థలు పెట్టాయి.

మే 19, 2024. ఈ తేదీ మీకు ఎక్కడో విన్నట్టు ఉండాలి. అదే క్యాప్సూల్‌లో, అదే ఆరుగురిలో, విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర ఉన్నాడు. తెలుగోడు అంతరిక్షంలో అని నా ఫోన్‌కి ఆ రోజు వచ్చిన మెసేజీలు లెక్కలేదు. ఆనందమే, ఎవరికి కాదు. కానీ ఆయన పక్క సీట్లో అరవై ఏళ్లు ఆగిన నల్లజాతి ముసలాయన ఉన్నాడని ఆ మెసేజీల్లో ఒక్కటీ చెప్పలేదు. నాకే నెలల తర్వాత, ఈ చదువులో పడ్డాక తెలిసింది. దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. రెంటితోనే క్షేమంగా దిగారు.

మన గుంటూరు వైపు అమ్మాయి శిరీష బండ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాసా వ్యోమగామి కావాలనుకుంది, కంటిచూపు అడ్డొచ్చింది. ఇంజనీరింగ్ చదివి, వర్జిన్ గెలాక్టిక్‌లో ఉద్యోగంలో చేరి, 2021 జూలై 11న ఆ కంపెనీ వాహనంలోనే వెళ్లింది. అవే కళ్లు. ఒక తలుపు దగ్గర పనికిరానివి, పక్క తలుపు దగ్గర పనికొచ్చాయి.

మన దేశపు తలుపు ఎలా ఉంది? గగన్‌యాన్‌కి ఎంపికైన నలుగురూ వైమానిక దళం టెస్ట్ పైలట్లు. వాళ్లలో శుభాంశు శుక్లా 2025 జూన్‌లో ఆక్సియమ్ అనే ప్రైవేటు సంస్థ ప్రయాణంలో, భారత ప్రభుత్వ ఖర్చుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాడు. మొదటి ప్రయాణానికి అనుభవమున్న పైలట్లు కావాలి, ఒప్పుకుంటాను. కానీ 1959 నాటి అమెరికా జల్లెడ అదే. మన బడుల నుంచి ఆ కాక్‌పిట్ దాకా మెట్లు ఎన్ని ఉన్నాయో, అవి 90 సెకన్లలో ఎక్కేవేనో మీకు తెలుసు.

సంతకం దగ్గరికి వస్తానన్నాను.

మా నాన్న ఒక చిన్న పట్టణంలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. పద్దెనిమిదేళ్లు మురుగు కాలువల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి దిగాడు. దిగేముందు మూత తీసి కాసేపు వదిలేసేవాడు. తర్వాత వంగి చూసేవాడు. గోడ మీద బొద్దింకలు కదులుతుంటే దిగొచ్చు. కదలకపోతే ఇంకాసేపు ఆగాలి. అదీ ఆయనకి జరిగిన స్క్రీనింగ్. ఆయన ఒంటికి కాదు, బొద్దింకలకి. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఆయన చేతికి బీపీ పట్టీ కట్టినవాడు లేడు. కాంట్రాక్టర్ ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు, అందులో ఏముందో చదివి చెప్పినవాడూ లేడు.

2013లో చట్టం వచ్చింది. రక్షణ సరంజామా లేకుండా మురుగులోకి దింపడం నేరం. 2014లో సుప్రీంకోర్టు, బెజవాడ విల్సన్ గారి సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో, మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చచ్చాక ఇచ్చే లెక్క పెరిగింది. దిగేముందు చూసే పట్టీ ఇంకా రాలేదు.

రాకెట్ ఎక్కేవాడి సంతకానికి విలువ ఎందుకుంది? వద్దని ఇంటికి పోయే దారి ఆయనకి ఉంది కాబట్టి. ప్రశ్నలు అడిగే హక్కు, చదివే భాష, పెట్టె సర్దుకుని వెళ్లిపోయే వీలు, ఇవన్నీ ఆ సంతకం వెనక నిలబడి ఉన్నాయి. నాన్న వేలిముద్ర వెనక రేషన్ బియ్యం, నా ఇంటర్ ఫీజు నిలబడి ఉన్నాయి. రెండిటినీ చట్టం ఒకే పేరుతో పిలుస్తుంది, అంగీకారం అని.

ఇది రాస్తున్నానని ఒక మిత్రుడితో అంటే, కోటీశ్వరుల షికార్ల గురించి మనకెందుకు, తిండి లేని చోట రాకెట్లా అన్నాడు. ఆ వాదన నాకు మొదట్నించీ నచ్చదు. మనం ఆకాశం వైపు చూడకూడదని ఇంతకు ముందు కూడా కొందరు చెప్పారు, వాళ్లు మన మిత్రులు కారు. నాకు ఆ సీటు కావాలని కాదు. ఆ సీటు ఎక్కేవాడి ముందు డాక్టర్ కూర్చునే తీరు కావాలి. ఓపిగ్గా, రెండోసారి కొలిచి, కారణం అడిగి.

ఇంకో వాదన న్యాయమైనది. టూరిస్టు పదకొండు నిమిషాలకి వెళ్తాడు, చస్తే తన చావు. కానిస్టేబుల్ ముప్పై ఏళ్లు తుపాకీ పట్టుకుని నిలబడాలి, పరీక్ష గట్టిగానే ఉండాలి. ఉండాలి. బీపీ నిజంగా ఉంటే మా వాడికి ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది, మందు మొదలుపెడతాం. నేను అడిగేది పరీక్ష ఎత్తేయమని కాదు. ఒక్క రీడింగ్‌తో బీపీ ఉందని ఏ వైద్య పుస్తకమూ తేల్చదు. తెల్లకోటు చూడగానే బీపీ పెరగడం ఎంత మామూలో ప్రతి డాక్టర్‌కీ తెలుసు. నిద్రలేమి, నిండిన మూత్రాశయం రెండూ అంకెని పైకి నెడతాయి. మూడు వేల మంది లైన్‌లో ఉన్నారు, టైం లేదు అంటారు. నిజమే. టైం ఎవరికుంది, ఎవరికి లేదు అన్నదే నేను రెండు నెలలుగా చదివింది.

తమ్ముడు రివ్యూ మెడికల్‌కి అప్లై చేశాడు. బుధవారం సాయంత్రం మెడికల్ షాపులో బీపీ మిషన్ కొన్నాను. వాడికి చెప్పింది ఇదీ, మీలో ఇలాంటి పరీక్షలకి పోయేవాళ్లకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. ముందు మూత్రానికి వెళ్లు, లైన్ పోయినా సరే. అరగంట ముందు నుంచి టీ, సిగరెట్ వద్దు. వీపు కుర్చీకి ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వద్దు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కట్టొద్దని అడుగు. ఎక్కువొస్తే, సార్, కాసేపాగి ఇంకోసారి చూడండి అని అడుగు. మర్యాదగా, కానీ అడుగు.

"అడిగితే కోపమొస్తే అక్కా?" అన్నాడు.

ఏం చెప్పాలో తోచలేదు. ఇంట్లో రోజూ ఉదయం, రాత్రి చూస్తున్నాం. 124/80, 118/76, 122/78. నోట్‌బుక్‌లో తేదీలతో రాసి పెడుతున్నాను. మా ఊరి ప్రభుత్వ డాక్టరమ్మ ఆ పేజీ చూసి, తనూ రెండుసార్లు కొలిచి, సంతకం పెట్టి ఇచ్చింది. నాన్న పక్కన కూర్చుని చూస్తూ, నాకూ ఒకసారి కట్టు అన్నాడు. 168/102. ఇంకో అయిదు నిమిషాలాగి మళ్లీ కట్టాను. 164/100. ఆయన్ని రేపు అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలి. తమ్ముడి రివ్యూ సోమవారం.